ఎఫ్‌ఐఆర్ రాశాక ఎవరూ ఫోన్ చేయరు

జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఒక లెక్క ఇస్తుంది. పోలీసులు తేల్చిన కేసుల్లో ఎన్నిటికి ఛార్జిషీటు వేశారు, కోర్టులో విచారణ పూర్తయిన వాటిలో ఎన్నిటికి శిక్ష పడింది అని. ఐపీసీ (అప్పటి భారత శిక్షాస్మృతి) నేరాల్లో ఛార్జిషీట్ల శాతం 2020లో 75.8. మరుసటి ఏడు 72.3. 2022లో 71.3. శిక్షల శాతం అదే మూడేళ్ళలో 59.2 నుంచి 57కి, అక్కణ్ణుంచి 54.2కి దిగింది. ఈ అంకెలు పేపర్లో వచ్చినప్పుడల్లా ఒకటే మాట వినిపిస్తుంది. పోలీసులకు టార్గెట్లు పెట్టాలి, గడువులు బిగించాలి, ఛార్జిషీట్లు తొందరగా వేయించాలి.

నేను నమ్మేది వేరు. ఫిర్యాదు చేసిన మనిషిని మొదటి రోజు నుంచి తీర్పు రోజు దాకా పట్టించుకుంటేనే ఛార్జిషీట్లు పెరుగుతాయి, వేసిన ఛార్జిషీట్లు కోర్టులో నిలబడతాయి. బాధితులకు అండగా ఉండటాన్ని మన వ్యవస్థ తీరిక దొరికితే చేసే మంచిపనిలా చూస్తోంది. అది దర్యాప్తులో భాగం. అది లేని చోట దర్యాప్తు సగంలోనే ఆగిపోతోంది.

ముందుగా ఆ శాతం గురించి ఒక మాట. రాయని ఫిర్యాదు ఆ లెక్కలోకి రాదు. దొంగ దొరకడం కష్టం అనిపించిన కేసును స్టేషన్ గుమ్మం దగ్గరే ఆపేస్తే శాతం మెరుగ్గా కనిపిస్తుంది. గుమ్మం దగ్గర ఆపే మాటలు మనందరికీ తెలిసినవే. "ఇది మా లిమిట్స్‌లోకి రాదు." "సివిల్ మ్యాటర్, లాయర్ దగ్గరికి వెళ్ళండి." "పెద్దమనుషుల్లో పెట్టుకుని మాట్లాడుకోండి." "కేసు పెడితే రేపు అమ్మాయి పెళ్ళికి ఇబ్బంది కాదా?" ఈ చివరిది మరీ దుర్మార్గం, ఎందుకంటే అది సానుభూతి గొంతుతో వస్తుంది. తీవ్రమైన నేరం గురించి సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ రాసి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితకుమారి కేసులో తేల్చి చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం, నేరం ఏ పరిధిలో జరిగినా సరే ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ (జీరో ఎఫ్‌ఐఆర్) రాయాలని నేరుగా పెట్టింది. మంచిదే. కానీ అదే చట్టం 173వ సెక్షన్‌లో, మూడేళ్ళ నుంచి ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాలకు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు అని ఒక వెసులుబాటు కూడా ఇచ్చింది. ఆ పద్నాలుగు రోజుల్లో ఏం జరుగుతుందో మన ఊళ్ళలో తిరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అవతలివాళ్ళకు కబురు అందుతుంది. మధ్యవర్తులు దిగుతారు. సాక్ష్యం చెరిగిపోతుంది. ఈ వెసులుబాటు తీసేయాలన్నది నా స్పష్టమైన అభిప్రాయం.

ఇక ఎఫ్‌ఐఆర్ పడిన కేసుల సంగతి. మా పెద్దమ్మ మెడలో గొలుసు పోయినప్పుడు ఇది దగ్గర నుంచి చూశాను.

కోస్తాలో ఓ చిన్న పట్టణం. తెల్లవారుజామున గుడికి వెళ్ళి వస్తుంటే బైకు మీద వచ్చిన ఇద్దరు గొలుసు తెంచుకుపోయారు. పెద్దమ్మ రోడ్డు మీద పడింది. మెడ మీద గీరుకుపోయింది, మోచెయ్యి చిట్లింది. నేను, మా అన్నయ్య ఆవిణ్ణి ముందు ఆస్పత్రికి, తర్వాత స్టేషన్‌కు తీసుకెళ్ళాం. ఫిర్యాదులు రాసుకునే స్టేషన్ రైటర్ మర్యాదగానే కూర్చోబెట్టాడు. గొలుసు ఎన్ని కాసులు, కొన్న బిల్లు ఉందా, బండి నంబరు చూశారా అని అడిగాడు. ఎఫ్‌ఐఆర్ రాసి కాపీ చేతికిచ్చారు. అంతవరకు తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఆ తర్వాత ఆ కేసు ఏమైందో మాకెవరూ చెప్పలేదు. అన్నయ్య వెళ్ళి అడిగితే, దొరికితే మేమే ఫోన్ చేస్తాం అన్నారు. ఎస్సై ట్రాన్స్‌ఫర్ అయ్యాడు. కొత్తగా వచ్చినాయనకు మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. ఈలోగా పెద్దమ్మకు కాస్త మనసు కుదుటపడ్డాక ఒక విషయం గుర్తొచ్చింది. అంతకు ముందురోజు కూడా అదే బైకు గుడి దగ్గర రెండుసార్లు నెమ్మదిగా తిరిగింది. వెనక కూర్చున్నవాడు పక్కనే ఉన్న పాలబూత్ దగ్గర దిగి ఏదో కొన్నాడు. ఆ పాలబూత్‌కు ఎదురుగా సీసీ కెమెరా ఉంది. ఈ మాట ఎవరికి చెప్పాలి? ఎఫ్‌ఐఆర్ కాపీ మీద నంబరు ఉంది కానీ కేసు చూస్తున్న మనిషి ఫోన్ నంబరు లేదు. అన్నయ్య వెళ్ళి చెప్పి వచ్చేసరికి వారాలు గడిచాయి. అప్పటికి ఆ కెమెరాలో పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేసింది.

చాలాకాలం తర్వాత ఒక నోటీసు వచ్చింది. కేసును అన్‌డిటెక్టెడ్‌గా, అంటే నేరస్తుడు దొరకలేదని, ముగించాం అని. పేజీలో సగం ఇంగ్లీషు. పెద్దమ్మ నాతో చదివించుకుని, "అసలు వెతికారా నాన్నా?" అని అడిగింది. ఆ నోటీసులో దానికి జవాబు లేదు. ఎవర్ని విచారించారు, ఏ కెమెరాలు చూశారు, ఎందుకు ఆపారు, ఏదీ లేదు. దీని మీద అభ్యంతరం ఉంటే మేజిస్ట్రేటు ముందు ప్రొటెస్ట్ పిటిషన్ వేయవచ్చన్న సంగతి మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో లేదు. గొలుసు పోయినందుకు ఆవిడ కొన్నాళ్ళు ఏడ్చింది. తెల్లవారుజామున గుడికి వెళ్ళడం మాత్రం పూర్తిగా మానేసింది.

ఇక్కడ బాధితురాలిని పట్టించుకోకపోవడం వేరు, నేరం తేలకపోవడం వేరు కాదు. ఆ ఇంటికి ఒక్క ఫోన్ వచ్చి ఉంటే పాలబూత్ కెమెరా దొరికేది. భయపడిన మనిషికి అన్నీ ఒకేసారి గుర్తుకురావు. రెండో రోజు ఒకటి, నాలుగో రోజు ఇంకొకటి గుర్తుకొస్తాయి. మన పద్ధతిలో మొదటిరోజు రైటర్ తన మాటల్లో రాసుకున్నదే వాంగ్మూలం. తర్వాత గుర్తొచ్చింది కోర్టులో చెబితే, "పోలీసుల దగ్గర ఈ మాట చెప్పలేదు కదా, ఇప్పుడు కల్పిస్తున్నారా?" అని డిఫెన్స్ లాయర్ నిలదీస్తాడు. నిలదీయడం ఆయన పని. ఆ అవకాశం ఇచ్చింది మాత్రం మళ్ళీ ఒకసారి వెళ్ళి కూర్చుని అడగని దర్యాప్తు.

ఫిర్యాదు చేసినవాళ్ళకు, బాధితులకు 90 రోజుల్లోగా దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలని ఇప్పుడు చట్టంలోనే ఉంది. కొత్త సంహిత 193వ సెక్షన్. వాట్సాప్‌లో చెప్పినా చాలు, ఏ రూపంలో అయినా తెలియజేయవచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ బాధితులకు ఉచితంగా ఇవ్వాలి. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవాలనుకుంటే బాధితుల మాట వినకుండా కోర్టు ఒప్పుకోకూడదు. నిందితుణ్ణి వదిలేస్తే బాధితులే అప్పీలు చేసుకోవచ్చు. ఈ అప్పీలు హక్కు 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణతోనే వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో రైతుల మీదికి వాహనం ఎక్కించిన లఖీంపూర్ ఖేరీ కేసులో 2022లో సుప్రీంకోర్టు, దర్యాప్తు దశ నుంచి అప్పీలు దాకా ప్రతి దశలోనూ తన మాట వినిపించుకునే హక్కు బాధితులకు ఉందని చెప్పింది. పుస్తకంలో ఇన్ని ఉన్నాయి. స్టేషన్‌లో వీటిని అమలుచేసే మనిషి ఎవరు అని అడిగితే వేలు పెట్టి చూపించడానికి ఎవరూ లేరు. దర్యాప్తు చేసే ఎస్సైనే బందోబస్తుకు వెళ్తాడు, వీఐపీ డ్యూటీకి వెళ్తాడు, వినాయక నిమజ్జనానికి వెళ్తాడు, రాత్రి గస్తీకి వెళ్తాడు. శాంతిభద్రతల పనినీ దర్యాప్తునూ విడదీయాలని సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో ఆదేశించింది. మామూలు స్టేషన్‌లో ఆ విభజన ఇప్పటికీ కనిపించదు.

ఛార్జిషీట్ వేయడమే గెలుపు అనుకునేవాళ్ళు విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య కేసు గుర్తుచేసుకోవాలి. హాస్టల్‌లో ఉన్న అమ్మాయిని చంపేశారు. రాష్ట్రమంతా అట్టుడికింది. పోలీసుల మీద ఒత్తిడి పెరిగింది. మరుసటి ఏడు ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు, ఛార్జిషీటు వేశారు, 2010లో శిక్ష కూడా పడింది. గణాంకాల పట్టికలో అదొక ఛార్జిషీటు, అదొక శిక్ష. కానీ ఆ అమ్మాయి తల్లి ముందు నుంచీ చెబుతూనే ఉంది, ఇతను కాదు, అసలువాళ్ళను వదిలేశారు అని. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాట దర్యాప్తులో ఎక్కడా లెక్కలోకి రాలేదు. 2017 మార్చి 31న హైకోర్టు ఆ యువకుణ్ణి నిర్దోషి అని విడుదల చేసి, అతనికి పరిహారం ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. తర్వాత కేసు సీబీఐకి వెళ్ళింది. ఒక తప్పుడు ఛార్జిషీటు ఇద్దరు బాధితుల్ని తయారుచేసింది. బాధితుల వైపు నిలబడటమంటే నిందితుడి హక్కుల మీద కాలు పెట్టడమని వాదించేవాళ్ళకు ఈ తల్లి కథే నా జవాబు. నిజమైన నేరస్తుడు దొరకాలని అందరికంటే ఎక్కువగా కోరుకునేది బాధితుల కుటుంబమే. ఎవరో ఒకరు దొరికితే చాలు అని వాళ్ళు అనుకోరు.

ఎవరో ఒకర్ని శిక్షించేశాం అన్న తృప్తి మనకు మాత్రం చాలా ఇష్టం. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో, శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత ఏం జరిగిందో మర్చిపోలేం. పోలీసులు దిశ అని పేరుపెట్టిన ఆ వెటర్నరీ డాక్టరు కుటుంబం, అమ్మాయి కనబడటం లేదని వెళ్తే, మా పరిధి కాదు అన్న మాటలతో విలువైన సమయం పోయింది. ఎఫ్‌ఐఆర్ ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల్నీ కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్, చంపాలన్న ఉద్దేశంతోనే వాళ్ళను కాల్చారని తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికి వచ్చింది. ఆ కేసులో కోర్టు ముందు సాక్ష్యం పరీక్షించే అవకాశమే లేకుండా పోయింది. అది ఒక నష్టం. నాకు ఇంకా పెద్ద నష్టంగా కనిపించేది మరొకటి. కుటుంబాన్ని ఆ రాత్రి తిప్పించిన అలవాటు మీద రావాల్సిన కోపమంతా ఆ కాల్పుల చప్పుడులో చల్లారిపోయింది. అదే డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు తెచ్చింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. వచ్చినా, ఫోరెన్సిక్ రిపోర్టు, డీఎన్‌ఏ రిపోర్టు ఏడు రోజుల్లో చేతికి రాని చోట, ప్రభుత్వ న్యాయవాది (ఏపీపీ) చేతిలో మోయలేనన్ని కేసులున్న చోట, గడువు ఒక్కటీ ఏం చేస్తుంది? తొందరగా వేసిన బలహీనమైన ఛార్జిషీటు కొట్టివేతకు దగ్గరి దారి.

అత్యాచారం కేసుల్లో ఇదే జరుగుతోంది. వాటిలో ఎక్కువ భాగం కేసుల్లో ఛార్జిషీటు పడుతోంది. కోర్టులో విచారణ పూర్తయ్యేసరికి మాత్రం 2018 నుంచి 2022 దాకా, 2020 ఒక్క ఏడాది తప్ప, శిక్షల శాతం 27, 28 దగ్గరే తిరిగింది. మధ్యలో ఏం జరిగింది? కోర్టు వరండాలో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. సమన్లు వచ్చిన సాక్షి పొద్దున్నే బస్సెక్కి వస్తుంది. కూలి పోతుంది. నిందితుడి మనుషులూ ఆమే ఒకే బెంచీ మీద కూర్చోవాలి. ప్రభుత్వ న్యాయవాది ఎవరో ఆమెకు తెలియదు, ఆయనకూ ఆమె పేరు ఆరోజు ఫైల్లో చూశాకే తెలుస్తుంది. మధ్యాహ్నానికి కేసు వాయిదా పడుతుంది. ఏ వాయిదాకు ఏం జరుగుతుందో చెప్పేది కోర్టు కానిస్టేబుల్ ఒక్కడే, అతనూ హడావుడిలో ఉంటాడు. ఇలా నాలుగైదు సార్లు తిరిగాక ఊళ్ళో పెద్దలు వచ్చి, "ఎన్నాళ్ళు తిరుగుతావమ్మా, వాళ్ళు ఎంతో కొంత ఇస్తామంటున్నారు" అంటారు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. చివరికి ఆమె బోనెక్కి నాకేమీ తెలియదు అంటుంది. రికార్డులో సాక్షి అడ్డం తిరిగింది అని రాస్తారు. అడ్డం తిరిగింది ఆమె కాదు. ఆమెను అన్నాళ్ళు ఒంటరిగా వదిలేసిన మనమే.

ఒంటరిగా వదలకపోతే ఏమవుతుందో చూపించిన ఊరు మన దగ్గరే ఉంది. గుంటూరు జిల్లా చుండూరు, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపేశారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అప్పటికి కొత్త. ఆ కుటుంబాలు రెండు గట్టి డిమాండ్లు పెట్టాయి. విచారణ మా ఊళ్ళోనే జరగాలి. ప్రాసిక్యూటర్ మేం నమ్మే మనిషి కావాలి. రెండూ మామూలుగా ఎవరూ అడగనివి, అడిగినా ఎవరూ ఇవ్వనివి. ఏళ్ళ తరబడి పోరాడి రెండూ సాధించుకున్నారు. నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. బాధితుల కోరిక మీద బి. చంద్రశేఖర్ స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ అయ్యారు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది. ఇరవై ఒక్క మందికి యావజ్జీవం, మరో ముప్పై ఐదు మందికి ఏడాది చొప్పున జైలు.

ఈ తీర్పు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ పదహారేళ్ళే గుర్తొస్తాయి. పదహారేళ్ళ పాటు సాక్షుల్ని నిలబెట్టింది ఏమిటి? ప్రభుత్వ పథకం ఏదీ కాదు. ఉద్యమం. దళిత మహాసభ, పౌర హక్కుల కార్యకర్తలు, తోటి కుటుంబాలు. ఎవరికి భయమేస్తే ఎవరు వెళ్ళి కూర్చోవాలో వాళ్ళకు తెలుసు. సాక్షికి బస్సు ఖర్చు లేకుండా, కూలి పోకుండా, నిందితుల ఊరు దాటి వెళ్ళాల్సిన అవసరం లేకుండా కోర్టే ఊళ్ళోకి వచ్చింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు, ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేకపోయిందని ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ దెబ్బ నుంచి ఆ కుటుంబాలు కోలుకోవడం మాటల్లో చెప్పేది కాదు. సుప్రీంకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. సాక్షులు అంతగా నిలబడ్డా, ఏళ్ళు గడిచేకొద్దీ పాతబడ్డ సాక్ష్యాన్ని పైకోర్టులో నిలబెట్టడం ఎంత కష్టమో ఈ కేసు చెబుతుంది. రెండూ కావాలి. మొదటి వారాల్లోనే పక్కాగా సేకరించిన సాక్ష్యం, దాన్ని చెప్పే మనుషులకు తీర్పు దాకా ఆసరా.

ఇంకో సంగతి. సాక్షికి, బాధితులకు ప్రయాణ ఖర్చులు, దినబత్తెం, తిండి ఖర్చు ఇవ్వాలని ఎస్సీ, ఎస్టీ చట్టం నియమాల్లోనే రాసి ఉంది. పరిహారం కూడా విడతలుగా: చాలా నేరాలకు ఎఫ్‌ఐఆర్ పడినప్పుడు కొంత, ఛార్జిషీటు వేసినప్పుడు కొంత, శిక్ష పడినప్పుడు మిగతాది. 2016లో అమల్లోకి వచ్చిన సవరణతో, బెయిలు విచారణ జరిగేటప్పుడు బాధితులకు ముందుగా చెప్పాలన్నదీ చేరింది. మన దేశంలో బాధితుల హక్కుల్ని ఇంత వివరంగా రాసిన చట్టాలు బహు తక్కువ. అమలు ఎంత నాసిగా ఉన్నా, నమూనా ఇదే. దీన్ని మిగతా తీవ్రమైన నేరాలన్నిటికీ విస్తరించడానికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

హైదరాబాద్‌లో 2016లో హాకా భవన్‌లో మొదలైన భరోసా కేంద్రం ఇంకొక దారి చూపింది. లైంగిక దాడికి గురైన స్త్రీలు, పిల్లలు స్టేషన్, ఆస్పత్రి, లాయరు, కౌన్సెలర్ అంటూ నాలుగు చోట్లా తిరిగి నాలుగుసార్లు అదే కథ చెప్పే పని లేకుండా, అన్నీ ఒక్క కప్పు కింద పెట్టారు. పిల్లలు సాక్ష్యం చెప్పడానికి వాళ్ళు భయపడని విధంగా ప్రత్యేక కోర్టు గది కూడా దానికి తోడైంది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఇలాంటి సాక్ష్య కేంద్రాలు దేశమంతా పెట్టాలని హైకోర్టులను ఆదేశించింది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పెట్టిన కేసుల్లో బిడ్డకు తోడుగా ఉండే సపోర్ట్ పర్సన్ అనే ఏర్పాటు 2020 నియమాల్లో ఉంది. తమకు ఆ తోడు దొరుకుతుందని బిడ్డ తల్లిదండ్రులకు చెప్పేవాళ్ళు ఉంటే ఎంత బాగుండు. భరోసా లాంటివి ఊళ్ళకు దూరంగా, జిల్లా కేంద్రంలో ఒకటి ఉంటే సరిపోదు. పాడేరు ఏజెన్సీలో బిడ్డకూ, ఉట్నూరులో బిడ్డకూ ఆ గది అందాలి.

డబ్బు మాట వచ్చేసరికి కొంతమంది ముఖం అదోలా పెడతారు, పరిహారం కోసమే కేసులు పెడతారని. నేరం జరిగిన ఇంట్లో మొదటి నెల ఎలా గడుస్తుందో వాళ్ళు చూడలేదు. సంపాదించే మనిషి పోతే స్కూలు ఫీజు ఎవరు కడతారు? కత్తి గాయమైన చెయ్యి ఆపరేషన్‌కు, మందులకు అప్పు ఎవరిస్తారు? ఆ అప్పు ఇచ్చేది చాలాసార్లు నిందితుడి తరఫు మధ్యవర్తే. రాజీ అక్కడే మొదలవుతుంది. అందుకే మధ్యంతర పరిహారం సమయానికి అందడం కూడా ఛార్జిషీటును కాపాడే పనే. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2018 పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి నాలుగు నుంచి ఏడు లక్షలు, ప్రాణం పోతే కుటుంబానికి ఐదు నుంచి పది లక్షలు ఇవ్వాలి. ఇది స్త్రీలపై జరిగిన నేరాలకు. చాలామందికి తెలియని ముఖ్యమైన విషయం ఒకటుంది. దొంగ దొరకకపోయినా, నేరస్తుడెవరో తేలకపోయినా, విచారణే జరగకపోయినా, బాధితులు ఎవరో తెలిస్తే చాలు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పరిహారం కోసం అర్జీ పెట్టుకోవచ్చు. కొత్త సంహిత 396వ సెక్షన్ అదే చెబుతుంది. రెండు నెలల్లో విచారణ ముగించాలనీ చెబుతుంది. కేసు అన్‌డిటెక్టెడ్ అని పంపే నోటీసు కింద ఈ ఒక్క ముక్క తెలుగులో అచ్చు వేస్తే ఎంతమందికి మేలు జరుగుతుంది! 15100 నంబరుకు ఫోన్ చేస్తే ఉచిత న్యాయసహాయం గురించి చెబుతారన్నదీ దాని పక్కనే రాయొచ్చు.

సైబర్ మోసాల్లో తెలంగాణ కొంత నేర్చుకుంది. 2022లో దేశంలోకెల్లా ఎక్కువ సైబర్ కేసులు తెలంగాణలోనే నమోదయ్యాయి, 15,297. ఎక్కువ నమోదు కావడం సిగ్గుపడాల్సిన విషయం అని నేను అనుకోను, రాయడానికి ఒప్పుకున్నారని అర్థం. నేరస్తుడు ఎక్కడో వేరే రాష్ట్రంలో, వేరే దేశంలో ఉంటాడు కాబట్టి ఛార్జిషీటు దాకా వెళ్ళడం కష్టం. అయినా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే బ్యాంకుల్లో డబ్బు ఆపగలుగుతున్నారు, ఆపిన డబ్బును లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. ఆ డబ్బు వెనక్కి రావడం నేరం రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు అని ఒప్పుకోవడమే ఇందులో మార్పు.

ఇంగ్లండ్ అనుభవం కూడా ఒకటి చెప్పుకోవాలి. అక్కడ అత్యాచారం కేసుల్లో ఛార్జ్ చేసే శాతం బాగా పడిపోయి, 2021లో ప్రభుత్వమే బాధితులకు క్షమాపణ చెప్పుకుంది. ఆ కాలంలోనే ఏవన్ అండ్ సోమర్సెట్ పోలీసులు పద్ధతి మార్చారు. ఫిర్యాదు చేసిన స్త్రీ నమ్మదగినదా, ఆమె ఫోన్లో ఏముంది అని తవ్వడం తగ్గించి, నిందితుడు ముందు ఏం చేశాడు, తర్వాత ఏం చేశాడు, ఇలా ఇంతకుముందు చేశాడా అన్న వైపు దర్యాప్తును తిప్పారు. అక్కడ ఛార్జ్ చేసే శాతం మూడు నుంచి పది పైకి పెరిగింది. మన స్టేషన్‌లో మొదటి ప్రశ్న ఇప్పటికీ "ఆ టైములో అక్కడికి ఎందుకు వెళ్ళావు?" అనే.

సిబ్బంది లేరు అంటారు. నిజమే, లేరు. ఒక ఎస్సై చేతిలో ఉన్న కేసులు చూస్తే జాలేస్తుంది. అందుకే నేను ఎస్సైకి ఇంకో పని పెట్టమనడం లేదు. స్టేషన్‌కు ఒక మనిషి కావాలి, బందోబస్తుకు పంపకూడని మనిషి, కేసు ఎక్కడుందో బాధితులకు ఫోన్ చేసి చెప్పడమే ఉద్యోగంగా ఉన్న మనిషి. యూనిఫాం లేకపోయినా ఫర్వాలేదు. న్యాయసేవాధికార సంస్థలకు న్యాయసహాయంలో శిక్షణ పొందిన పారా లీగల్ వాలంటీర్లు ఇప్పటికే ఉన్నారు, వాళ్ళకు సరైన జీతం ఇచ్చి ఈ పని అప్పగించవచ్చు. తప్పుడు కేసులు పెరుగుతాయి అంటారు. తప్పుడు కేసు బయటపడేది కూడా బాధితులతో రెండోసారి, మూడోసారి కూర్చుని మాట్లాడినప్పుడే. ఛార్జిషీటు కోర్టుకు వెళ్ళకముందే ప్రాసిక్యూటర్ ఫిర్యాదీతో ఒకసారి ముఖాముఖి మాట్లాడితే, బలహీనమైన కేసేదో అక్కడే తెలుస్తుంది, ఏ సాక్ష్యం ఇంకా తేవాలో కూడా తెలుస్తుంది. నిందితుడికీ అది మేలే.

ఛార్జిషీట్ల శాతం పక్కన ఇంకో అంకె కూడా ప్రతి స్టేషన్ బయట బోర్డు మీద రాయాలని నా డిమాండ్. ఎంతమంది ఫిర్యాదీలకు 90 రోజుల్లోగా దర్యాప్తు గురించి చెప్పాం అన్నది. ఈ లెక్క ఎవరూ తమంతట తాముగా ఇవ్వరు. సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల ఫీజు. మీ జిల్లా పోలీసు కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి అర్జీ పెట్టండి. మీ స్టేషన్‌లో 2024 జూలై 1 తర్వాత నమోదైన ఎఫ్‌ఐఆర్‌లు ఎన్ని, వాటిలో ఎన్నిటికి 193వ సెక్షన్ కింద ఫిర్యాదీకి సమాచారం పంపారు, ఏ తేదీన, ఏ రూపంలో పంపారు అని అడగండి. పేర్లు అడగకండి, అంకెలు చాలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు అక్కడే, పై అధికారికి. నేను మా పట్టణం స్టేషన్ గురించి ఇప్పటికే రాసి పోస్టు చేశాను.